నాలుగు బ్యాంకుల ముందు నాలుగు లాఠీలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్ మొదటి వారంలో, రాజమండ్రిలో మాజీ సైనికుల పాలీక్లినిక్ ఒకదానిలో కౌన్సెలర్‌గా చేరాను. కాంట్రాక్టు ఉద్యోగం. అప్పటికి నేను ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వార్డులో హెడ్ నర్సుగా రిటైరై ఏడు నెలలైంది. ఇంట్లో కూర్చుని ఇంట్లోవాళ్ళ మానసిక ఆరోగ్యం పాడుచేస్తున్నానని మా ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని గౌరవించి ఉద్యోగంలో చేరాను.

సైన్యం నుంచి రిటైరై వచ్చినవాళ్ళలో నిద్ర పట్టనివాళ్ళు, తాగుడు మానలేనివాళ్ళు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడనివాళ్ళు ఉంటే కనిపెట్టి, నెలలో రెండు గురువారాలు వచ్చే సైకియాట్రిస్టు గారి ముందు కూర్చోబెట్టడం నా పని. అవసరమైతే ఇళ్ళకు కూడా వెళ్ళాలి. నాకొక గది, బల్ల, మూడు కుర్చీలు ఇచ్చి, తలుపు మీద ‘మానసిక ఆరోగ్య విభాగం’ అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు పుణ్యమా అని, నా గది ముందు నుంచి ల్యాబ్‌కు వెళ్ళాల్సిన వాళ్ళు కూడా పెరట్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. రెండు నెలలు నేను ఆ గదిలో పేపరు చదువుకున్నాను.

ఎందుకలా అన్నది సుబేదార్ అప్పారావు గారు చెబితే గానీ నాకు తెలియలేదు. రిజిస్ట్రేషన్ కౌంటర్ ఆయనదే. మనిషి రిటైరై చాలా ఏళ్ళయినా మీసం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. సైన్యంలో మనిషి ఆరోగ్యాన్ని ఐదు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారట. కలిపి చదివితే ‘షేప్’ అన్న మాట వస్తుంది. చెవికి, కాళ్ళూ చేతులకూ, ఒంటి సత్తువకూ, కంటికీ తలా ఒక అక్షరం. అన్నిటికన్నా ముందుండే ‘ఎస్’ మాత్రం మనసుకు. ఒకటో నంబరు వస్తే పూర్తిగా ఫిట్. నంబరు పెరిగేకొద్దీ మనిషికి ఇచ్చే పనులు తగ్గిపోతాయి. ‘ఎస్’ దగ్గర నంబరు పెరిగితే అన్నిటికంటే ముందు ఆయుధం తీసేసుకుంటారు.

“మోకాలు పోయిందంటే పాపం అంటారండి. ఎస్ పోయిందంటే పక్క మంచం వాడు మంచం జరుపుకుంటాడండి. రిటైరైనా ఆ భయం పోదండి,” అన్నారాయన.

బోర్డు తీయించి ‘బీపీ, నిద్ర’ అని రాయించాను. జనం వచ్చారు. వచ్చినవాళ్ళకు తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తే తొమ్మిదింటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టి, లేచి నిలబడి, “ఆల్ ఓకే మేడమ్,” అని వెళ్ళిపోయేవారు. నిద్ర ఎలా పడుతోందన్న చోట ఒకాయన ‘ఆర్డర్ ప్రకారం’ అని రాశాడు. తాగుడు సంగతికి కాగితం పక్కన పెట్టి, యానాం వైపు వెళ్తుంటారా అని మామూలుగా అడిగేదాన్ని. అక్కడ మందు చవకని గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. వచ్చే నవ్వును బట్టి ఎన్ని సార్లు వెళ్తారో తెలిసేది.

ఆగస్టులో ఒక గురువారం మంగమ్మ అనే ఆవిడ బీపీ మాత్రల కోసం వచ్చింది. కడియం నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టే మనిషి. భర్త వీర్రాజు, హవల్దారుగా రిటైరయ్యాడు. ఊళ్ళో మిలట్రీ వీర్రాజు అంటారు. రావులపాలెంలో ఒక బ్యాంకు బ్రాంచిలో గన్‌మన్. ఈ ఉద్యోగాల పద్ధతి బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. గార్డులను పెట్టేది బ్యాంకు కాదు, సెక్యూరిటీ ఏజెన్సీ. సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉన్నవాడినే ఏజెన్సీ తీసుకుంటుంది. సాయంత్రం డ్యూటీ దిగాక ఆ తుపాకీని గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఇంటికి తెచ్చుకుంటాడు. తుపాకీ లేకపోతే ఉద్యోగం లేదు.

మంగమ్మ మాత్రలు తీసుకుని లేవలేదు.

“మా ఆయన తుపాకీ తుడవడం ఎక్కువైపోయిందండి,” అంది.

తుడిస్తే మంచిదే కదా అన్నాను.

“ఇదివరకు ఆదివారం తుడిచేవారండి. ఇప్పుడు రోజూ తుడుస్తున్నారు. తుడిచేసి ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. ట్రంకు పెట్టె తమ్ముడికిచ్చేశారండి. వాచీ అల్లుడికిచ్చేశారు. ఇంకెందుకే మనకు అంటారండి.”

నిద్ర లేకపోవడం, ఏడవడం లాంటివి మాకు రోజూ ఉండేవే. ఇష్టంగా దాచుకున్న వస్తువులను మనిషి ఒక్కొక్కటిగా పంచిపెట్టడం వేరు. ఆయనకేం కష్టం వచ్చిందని ఇది చదివేవాళ్ళు అడుగుతారు. ఒకే ఒక్క కారణం ఉండడం సినిమాల్లో. మామూలు మనుషులకు చిన్న చిన్నవి బోలెడు ఉంటాయి.

మా వార్డు పద్ధతి ప్రకారం ఇలాంటప్పుడు చేయాల్సినవి రెండు. ప్రమాదకరమైన వస్తువును ముందు మనిషికి దూరం చెయ్యాలి. రెండోది, చావాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. నా సర్వీసులో ఒక్కరికీ పుట్టలేదు. చాలామంది ఎవరో ఒకరు అడిగారు కదా అని ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. దారి తెలుసని సుబేదార్ గారిని వెంటబెట్టుకు వెళ్ళాను. అది నా మొదటి తప్పు. వీర్రాజు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సుబేదార్ గారిని చూడగానే లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు, లుంగీ మీదే. నేను మంచిగానే పలకరించి, నాలుగు మాటలు మాట్లాడి, అడగాల్సింది అడిగాను. ఆయన నా వైపు చూడలేదు. పెద్ద ర్యాంకు వైపు చూసి, “నో సాబ్. ఆల్ ఓకే సాబ్,” అన్నారు. డాక్టరు గారు చూసేదాకా తుపాకీ పోలీసు స్టేషన్లో పెడదామా అన్నాను. అది రెండో తప్పు. ఆయన చాలా మర్యాదగా, “మేడమ్ గారు టీ తీసుకుంటారాండి?” అన్నారు. ఇక ఆ ఇంట్లో ఆ రోజు టీ తప్ప ఏమీ దొరకదని అర్థమైంది.

తిరిగి వస్తుంటే సుబేదార్ గారు నా మీద విరుచుకుపడ్డారు. “ఆయుధం అలా అడిగేస్తారేంటండీ? అందరి ముందూ వాడికి ఎస్ రాసేసినట్టేనండి అది!”

“మరింకేం చెయ్యమంటారండీ?” అన్నాను నేనూ గట్టిగానే. పోలీసులకు రాతపూర్వకంగా చెబితే లైసెన్సు పోతుంది, లైసెన్సుతో ఉద్యోగం పోతుంది. అప్పుడు ఇంట్లో తుపాకీ ఉండదు గానీ, బతకడానికి ఆయనకున్న కారణాల్లో ఒకటి తగ్గుతుంది. చెప్పకపోతే తుపాకీ ఒళ్ళోనే ఉంటుంది. సైకియాట్రిస్టు గారికి ఫోన్ చేస్తే, తను వచ్చేది వచ్చే గురువారమని, ఈలోగా ఆయన్ని ఒంటరిగా వదలొద్దని, అప్పటికీ మాట వినకపోతే పోలీసులకు చెప్పడమేనని అన్నారు. మధ్యలో ఆరు రోజులు. నాకు నిజంగా భయం వేసింది. మంగమ్మకు ఫోన్ చేసి, మరిదిని ఇంట్లోనే పడుకోబెట్టమని, ఎలాగైనా తూటాలను ఇల్లు దాటించమని చెప్పాను. ఎక్కడికి దాటించాలో చెప్పలేదు. అది మూడో తప్పు. దానికి పూర్తి బాధ్యత నాదే.

మంగళవారం పది గంటలకు వీర్రాజు గారు పాలీక్లినిక్‌కు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. కౌంటర్ ముందు నిలబడి, “ఎనిమిది రౌండ్లు మిస్సింగ్ సాబ్,” అన్నారు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది.

“సిస్టర్ గారండీ, కొంప మునిగిపోయిందండి!” అంది మంగమ్మ. “మొక్క వెళ్ళిపోయిందండి!”

“ఏ మొక్క?”

“నూరువరహాల మొక్కండి! అందులోనే పెట్టానండి!”

జరిగింది ఇది. ఆయన కన్నుగప్పి తూటాలు తీయడానికి ఆవిడకు సోమవారం సాయంత్రం దాకా సందు దొరకలేదు. గుడ్డలో మూట కట్టి, తను పనిచేసే నర్సరీలో తల విరిగిన ఒక నూరువరహాల మొక్క కవరులో, మట్టి అడుగున పెట్టింది. తల విరిగిన మొక్కను ఎవరూ కొనరని ఆవిడ లెక్క. నాగపూర్ వైపు హైవే డివైడరు మీద నాటడానికి ఎలా ఉన్నా పర్వాలేదని, తల ఉన్నవీ లేనివీ కలిపి తెల్లవారేసరికి ఒక కాంట్రాక్టరు లారీకి ఎక్కించేశాడు. తూటాలు లేకుండా గన్‌మన్ డ్యూటీకి వెళ్ళడన్న సంగతి ఆవిడకూ తట్టలేదు, ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్న నాకూ తట్టలేదు.

కౌంటర్ దగ్గరకు వెళ్ళి, తీయించింది నేనేనండీ అని చెప్పాను. సుబేదార్ గారు నన్ను చూసిన చూపు మా అత్తగారు కూడా ఎన్నడూ చూడలేదు. సైన్యంలో ఒక్క తూటా లెక్క తప్పితే యూనిట్ యూనిట్టంతా తిండి మానేసి గడ్డి దువ్వి మరీ వెతుకుతుందట. లైసెన్సుదారుడు కానివాళ్ళ దగ్గర తూటాలుండడం నేరమన్న ముక్క కూడా అప్పుడే తెలిసింది. ఇంకేముంది, మంగమ్మను, నన్ను, లారీ డ్రైవరును ఒకే కేసులో పెట్టొచ్చన్నమాట.

లారీ ఇంకా ఊరు దాటలేదు. హైవే పక్కన కాటా దగ్గర బిల్లు కోసం ఆగి ఉందని నర్సరీ యజమాని చెప్పాడు. సుబేదార్ గారు హాలు మధ్యకు వచ్చి, “ఫాలిన్!” అన్నారు. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పుల టోకెన్లు పట్టుకుని కూర్చున్న పదకొండు మంది లేచి వరస కట్టారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. రెండు ఆటోలు, నాలుగు మోటారు సైకిళ్ళ మీద బయల్దేరాం.

ఇన్ని మీసాలు ఒకేసారి దిగేసరికి డ్రైవరు నోరెళ్ళబెట్టాడు. అతనికి తెలుగు రాదు. మావాళ్ళందరికీ హిందీ వచ్చు. బాంబా అని అడిగాడట. కాదు, తూటాలే అని ధైర్యం చెప్పారు. సుబేదార్ గారు లారీ మొత్తం దింపించి, కవర్లను వరసలుగా పేర్పించి, మనిషికో వరస ఇచ్చారు. మట్టిలోకి పుల్ల దింపాలి, గట్టిగా తగిలితే చెయ్యి పెట్టాలి. తల విరిగిన నూరువరహాలు ఒకటే అనుకున్నాం. దించాక చూస్తే వందకు తక్కువ లేవు.

నా వరస వీర్రాజు గారి వరస పక్కన పడింది. గొంతుక్కూర్చుని చాలాసేపు మట్టి కెలికాం. ఆయన తల ఎత్తకుండా, మొక్కతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టారు.

“ఆ రోజు మీరు నా తుపాకీ అడిగారు కదండీ. నేనూ ఒకడిని అలాగే అడిగానండి. నా సెక్షన్‌లో సిపాయి. పైవాళ్ళు ఎస్ రాసేశారు. ఆసుపత్రి దాకా ఎస్కార్టు నాకు పడింది. రైఫిల్ ఇమ్మన్నాను, ఇచ్చాడండి. తర్వాత బెల్టు. తర్వాత బూట్ల లేసులు. రెండు రోజుల రైలు. లేసుల్లేని బూట్లు ఈడ్చుకుంటూ బాత్రూముకు వెళ్ళేవాడు, వెనకాల నేను. పెట్టెలో జనమంతా చూసేవారండి. హవల్దార్ సాబ్, వాళ్ళకు నేను దొంగను కాదని చెప్పండి అన్నాడు.”

“చెప్పారా?” అన్నాను.

“లేదండి,” అన్నారు. “నాకు సిగ్గేసింది. వాడి పక్కన కూర్చోవడానికి.”

ఆయన ఇంకో కవరు ముందుకు లాక్కున్నారు. నేను మళ్ళీ అడిగాను, ఈసారి ఎవరూ వినేంత దగ్గరలో లేరు. చావాలనిపిస్తోందా వీర్రాజు గారూ అని. పుల్ల మట్టిలో దింపి ఉంచారు, తీయలేదు. “అనిపిస్తోందండి,” అన్నారు. “నెల నుంచి.” ఏడుపొచ్చింది నాకు, చెప్పడానికి మొహమాటమేమీ లేదు. నర్సులు ఏడవకూడదన్న రూలు మా సర్వీసు నిబంధనల్లో ఎక్కడా లేదు. గురువారం డాక్టరు గారి దగ్గర కూర్చుంటారా అంటే, ఎవరికీ తెలియకుండా అయితే కూర్చుంటానన్నారు. తుపాకీ మాట ఎత్తితే మాత్రం, “దాని జోలికి రాకండి మేడమ్. లేసుల దాకా వస్తారు,” అన్నారు.

మూట దొరికింది. మండపేటలో ఇంకో బ్యాంకుకు గన్‌మన్‌గా చేసే ఆయన ఆ రోజు సెలవు పెట్టి షుగరు పరీక్షకు వచ్చి మాతో పడ్డాడు. ఆయన వరసలో దొరికింది. విప్పి, రెండుసార్లు లెక్కపెట్టి, ఎనిమిదీ సుబేదార్ గారి చేతిలో పెట్టాడు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. మొక్కలన్నీ మళ్ళీ ఎక్కించే పని కూడా మాదేనని ఆ తర్వాత తెలిసింది.

సుబేదార్ గారిని పక్కకు పిలిచి, తుపాకీ ఇవాళే ఆ ఇంట్లోంచి కదలాలని, కారణం మాత్రం ఎవరికీ తెలియకూడదని చెప్పాను. ఆయన మూటకేసి చూశారు.

“సిస్టర్ గారూ, ఫౌజులో డ్యూటీ దిగినవాడెవడూ ఆయుధాన్ని ఇంటికి పట్టుకుపోడండి,” అన్నారు. “కోత్‌లో జమ చేసి సంతకం పెట్టి పోతాడు.” కోత్ అంటే యూనిట్‌లో ఆయుధాలు భద్రపరిచే గది. కల్నల్ అయినా, కొత్తగా చేరిన సిపాయి అయినా అక్కడ జమ చేయాల్సిందే. “అక్కడ ఇవ్వడం నామోషీ కాదండి. ఇవ్వకపోవడమే నామోషీ.”

మా పాలీక్లినిక్‌కు వచ్చేవాళ్ళలో ఇలాంటి గన్‌మన్లు నలుగురున్నారు. వీర్రాజు గారొక్కరికే చెబితే అది ‘ఎస్’. నలుగురికీ చెబితే అది ఆర్డరు. ఆ సాయంత్రానికి నాలుగు బ్యాంకులకూ పంపే కాగితం తయారైంది. తూటాల భద్రతకు సంబంధించి ఒక సంఘటన జరిగినందువల్ల, నలుగురూ ఇక నుంచి డ్యూటీ దిగాక ఆయుధాలు, తూటాలు బ్యాంకు స్ట్రాంగ్ రూములో జమ చేసేందుకు అనుమతి ఇవ్వాలని, అనుమతి వచ్చేదాకా రసీదు తీసుకుని పోలీసు స్టేషన్లో ఉంచుతారని దాని సారాంశం. అబద్ధం ఒక్క ముక్క లేదు. పాలీక్లినిక్ ఇన్‌చార్జి కల్నల్ గారు చదివి, ఒకడి తూటాలు పోతే నలుగురూ ఎందుకని అడిగారు. “డిసిప్లిన్ సర్,” అన్నారు సుబేదార్ గారు. కల్నల్ గారు సంతకం పెట్టేశారు.

నలుగురూ గొణిగారు. తుపాకీ భుజాన వేసుకుని ఊళ్ళో దిగడంలో ఒక దర్జా ఉంది మరి. అయినా ఆ రాత్రే పోలీసు స్టేషన్లో ఎస్సై గారి ముందు వరసగా నిలబడి జమ చేశారు. వీర్రాజు గారు మూడో వాడు. రసీదు తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, నాలుగో వాడికి చోటిచ్చి పక్కకు జరిగారు. చూసేవాళ్ళకు అక్కడ జబ్బు మనిషెవరూ కనిపించలేదు. బ్యాంకుల నుంచి అనుమతి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నాలుగు బ్యాంకుల ముందు నలుగురు మాజీ సైనికులు లాఠీలు పట్టుకుని కాపలా కాశారు. ఏజెన్సీవాడు ఫోన్లు చేసి చంపుకుతిన్నాడు. దొంగలకు సంగతి తెలియలేదు.

వీర్రాజు గారు అన్న మాట ప్రకారం గురువారం వచ్చి, పెరటి వైపు నుంచి నా గదిలోకి వచ్చి, డాక్టరు గారి ముందు కూర్చున్నారు. మందులు మొదలయ్యాయి. నాతో వారం వారం మాటలు. తేలిగ్గా ఏమీ జరగలేదు. మధ్యలో రెండుసార్లు మందులు మానేశారు, రెండుసార్లూ మంగమ్మ నాకు ఫోన్ చేసింది. వాచీ అల్లుడి దగ్గరే ఉండిపోయింది గానీ, ఏడాది తిరక్కుండా ఆయన కొత్తది కొనుక్కున్నారు.

అసలు సంగతి ఇంకోటి. బ్యాంకుల్లో జమ మొదలైన వారం, మండపేట ఆయన నా గదికి వచ్చాడు. అదే, మూట దొరికినాయన. తలుపు దగ్గరగా వేసి, నిలబడే అడిగాడు.

“నా సంగతి మీకెవరు చెప్పారు మేడమ్?”

ఎవరూ చెప్పలేదన్నాను. నమ్మలేదు. “మా ఇంట్లోంచి తుపాకీ తీయించడానికే కదండీ మీరు ఇదంతా చేసింది,” అన్నాడు. కుర్చీ చూపించాను. గంటన్నర మాట్లాడాడు. ఆ మరుసటి నెలలో మిగిలిన ఇద్దరు గన్‌మన్లలో ఒకాయన వచ్చి, ఇంచుమించు అదే మాట అడిగాడు. నాలుగో ఆయన రాలేదు. నా కాంట్రాక్టు ముగిసేదాకా ఆయన్ని బీపీ చూసే వంకతో పిలిపిస్తూనే ఉన్నాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. జాగ్రత్త ఒకరి కోసమే అనిపించినా దాన్ని అందరికీ కలిపి పెట్టాలి. ఆ ఒక్కడి పరువు కాపాడడానికి అలా చెయ్యాలని అప్పట్లో అనుకున్నాను. ఆ కారణం సగమే. ఆ ఆగస్టులో నేను ఒక ఇంట్లో తుపాకీ గురించి భయపడ్డాను. భయపడాల్సిన ఇళ్ళు మూడు.